కూనర్స్‌డార్ఫ్ కథ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

కూనర్స్‌డార్ఫ్ యుద్ధం మీద నీ కథ అందింది. భాష బాగుంది. కానీ ప్రష్యా రాజు ఫ్రెడరిక్ జేబులోని నశ్యం డబ్బీ తూటాను ఆపిన ఘట్టానికి మూడు పేజీలు కేటాయించి, ఆ రోజు కూలిపోయిన సైన్యాన్ని 'వేలాదిమంది నేలకొరిగారు' అనే ఒక్క వాక్యంతో ముగించావు. నాకు కోపం వచ్చింది.

ఓటమిని రాజు నిలబడిన గుట్ట మీద నుంచి రాయకూడదు. సైనికుడి కాళ్ల దగ్గర నుంచి రాయాలి. 1759 ఆగస్టు 12న ప్రష్యా సేన తెల్లవారక ముందే నడక మొదలుపెట్టింది. నిద్ర లేదు, మండే ఎండ, దాహం. శత్రువును, అంటే రష్యా, ఆస్ట్రియా సేనలను, వెనుక నుంచి కొట్టాలనుకున్న రాజుకు దారిలోని చెరువులు, బురద నేలల సంగతి సరిగా తెలియదు. అయినా ముల్‌బర్గ్ గుట్ట చేజిక్కింది. ఇక చాలు, ఇక్కడితో ఆగుదామని సేనానులు చెప్పినట్టు చరిత్రకారులు రాశారు. ఆయన వినలేదు. కూగ్రుండ్ అనే ఇరుకు లోయ దగ్గర, ఫిరంగుల ఎదుటికి, అలసిన పటాలాలను మళ్లీ మళ్లీ పంపాడు. చివరికి ఆస్ట్రియా సేనాని లౌడన్ అశ్వదళంతో విరుచుకుపడ్డాడు. ప్రష్యా సేనలోని సుమారు 50,000 మందిలో దాదాపు 19,000 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా బందీలయ్యారు. మిగతావాళ్లు చెల్లాచెదురు కావడంతో, తన దగ్గర 3,000 మందే మిగిలారని రాజు మంత్రికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నీ కథలో ఎందుకు లేదు?

ఎవాల్డ్ క్లైస్ట్ కూడా లేడు! కవి, ప్రష్యా సేనలో మేజర్, జర్మన్ రచయిత లెసింగ్‌కు ఆప్తమిత్రుడు. తీవ్రంగా గాయపడి ఆ రాత్రి యుద్ధభూమిలోనే పడి ఉన్నాడు. ఆగస్టు 24న ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కన్నుమూశాడు. రాసే చేయి ఉన్న మనిషి ఆ మైదానంలో పడి ఉంటే, నువ్వు డబ్బీ చుట్టూ తిరిగావు.

నా యౌవనంలో పానిపట్ మీద ఒక కథ రాశాను. మరాఠా శిబిరంలో తిండి కరువైన రోజులే అందులో ప్రాణం. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ భాగమంతా కోసేసి, మరాఠా సేనాని సదాశివరావు భావు గుర్రం మీద దూసుకెళ్లే పేరా మాత్రం వేశాడు. పాఠకులకు వీరులే కావాలట. ఆ పత్రిక చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఇప్పటికీ చారిత్రక కథ అంటే కత్తులూ మీసాలూ అనుకునే సంపాదకులే ఎక్కువ.

ప్రచురణ గురించి నువ్వు అడిగినవాటికి మరోసారి రాస్తాను. ముందు చెరువులు, గుట్టలు, లోయ ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసుకుని, రెండో భాగం మొత్తం మళ్లీ రాయి. ఆ పటం కూడా నాకు పంపు.