జీతం పెరిగినా ఏమీ మిగలడం లేదంటే: సమాధానం

జీతం పెరిగినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదని, కరెంటు బిల్లు పెరుగుతూనే ఉందని, ఎక్కడ తగ్గించాలో తోచడం లేదని మీరు రాశారు. తిండి, పిల్లల చదువు జోలికి పోకుండానే తగ్గించదగినవి చాలా ఉంటాయి కనుక అధైర్యపడకండి.

ముందుగా గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, దానంతటదే కట్ అవుతున్న ప్రతి చెల్లింపు కింద గీత గీయండి. ఉచితంగా మొదలై, గడువు తీరాక డబ్బు లాగుతున్న చందాలు అక్కడే బయటపడతాయి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

కరెంటు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: లైట్లకన్నా ముందు, వేడినీ చల్లదనాన్నీ ఇచ్చే పరికరాలను చూడాలి. 2000 వాట్ల గీజరు గంటసేపు ఆగకుండా పనిచేస్తే 2 యూనిట్లు కాలుతాయి. అదే కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 220 గంటలకు పైగా వెలుగుతుంది. అందుచేత గీజరును స్నానానికి కాస్త ముందు వేసి, నీళ్లు కాగగానే ఆపేయండి. ఏసీ ఫిల్టరులో దుమ్ము పేరుకోనివ్వకండి. వాడకపోయినా నిరంతరం 10 వాట్లు తీసుకునే పరికరం ఏడాదికి దాదాపు 88 యూనిట్లు తింటుంది కనుక, రాత్రి స్విచ్‌ను గోడ దగ్గరే ఆపండి.

క్రెడిట్ కార్డు బాకీ ఉండి, మీరు కనీస మొత్తం మాత్రమే కడుతున్నట్లయితే, దానిలో అధిక భాగం వడ్డీకే పోతుంది. ఇలా మిగిల్చిన ప్రతి రూపాయినీ మొదట ఆ బాకీకే జమ చేయండి.