అటు డిఫెన్స్, ఇటు సెంటర్: ఐస్ హాకీపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఐస్ హాకీలో ఒకాయన సగం కెరీర్ డిఫెన్స్‌లో, మిగతా సగం ఫార్వర్డ్‌గా ఆడి రెండు చోట్లా కప్పులు గెలిచాడని మా మనవడు చెబుతున్నాడు. పైగా ఆడుతున్న రోజుల్లోనే పార్లమెంటు సభ్యుడు కూడానట. నమ్మొచ్చా? మన క్రికెట్ ఆల్‌రౌండర్ లాంటివాడా?
– విశ్రాంత లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మనవడు చెప్పింది అక్షరాలా నిజం, మాస్టారూ. ఆయన రెడ్ కెల్లీ. అసలు పేరు లెనార్డ్ కెల్లీ. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, సిమ్‌కో పట్టణంలో 1927లో పుట్టాడు. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్.హెచ్.ఎల్.లో 1947 నుంచి 1967 దాకా వరసగా 20 సీజన్లు ఆడాడు. లీగ్ దశలోనే 1,316 మ్యాచ్‌లు, 281 గోల్స్, 542 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు).

మొదటి పన్నెండేళ్ల పైచిలుకు డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌లో డిఫెన్స్. ఆ జట్టుతో 1950, 1952, 1954, 1955లలో ఎన్.హెచ్.ఎల్. విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీని 1954లో మొదలుపెడితే, దాన్ని అందుకున్న తొలి ఆటగాడు ఆయనే. ఇంకో ట్రోఫీ లేడీ బింగ్. హుందాగా, ఫౌల్స్ తక్కువగా ఆడేవారికి ఇస్తారు. డిఫెన్స్‌లో ఉండేవాళ్లు ఒంటితో అడ్డుకోవాలి కాబట్టి వాళ్లకది దక్కడం చాలా అరుదు. కెల్లీకి డిఫెన్స్‌లో ఉండగానే మూడుసార్లు, ఫార్వర్డ్ అయ్యాక ఒకసారి వచ్చింది. ఇరవై సీజన్లలో ఆయన శిక్షగా బయట కూర్చున్నది మొత్తం 327 నిమిషాలు. ఆ కాలపు మోటు ఆటలో ఇది చాలా తక్కువ.

మలుపు 1960లో వచ్చింది. అంతకు ముందు సీజన్‌లో చీలమండ విరిగినా జట్టు కోసం ఆడాడు. ఆ సంగతి తర్వాత పత్రికకెక్కేసరికి యాజమాన్యానికి కోపం వచ్చి, న్యూయార్క్ రేంజర్స్‌కు మార్చేసింది. కెల్లీ ‘నేను వెళ్లను, ఆట మానేస్తా’నని తెగేసి చెప్పాడు. చివరికి టొరంటో మేపుల్ లీఫ్స్ ఆయన్ను తీసుకుంది. అప్పటికి వయసు 32. అక్కడి కోచ్ పంచ్ ఇమ్లాక్ ఆయన్ను డిఫెన్స్ నుంచి తీసి సెంటర్‌లో, అంటే ఫార్వర్డ్‌లలో మధ్య స్థానంలో, నిలబెట్టాడు. మాంట్రియల్ జట్టులోని మహా సెంటర్ జాన్ బెలివోను కట్టడి చేసేవాడు కావాలి, కెల్లీ అందుకు సరిపోతాడు అన్నది ఇమ్లాక్ లెక్క. ఆ లెక్క పండింది. 1960-61 సీజన్‌లో కెల్లీ 20 గోల్స్ చేసి 50 అసిస్టులు ఇచ్చాడు. ఆయన పక్కన ఆడిన ఫ్రాంక్ మహోవ్లిచ్ అదే సీజన్‌లో 48 గోల్స్ కొట్టాడు. టొరంటోతో 1962, 1963, 1964, 1967లలో మరో నాలుగు కప్పులు. మొత్తం ఎనిమిది. మాంట్రియల్ జట్టులో ఎన్నడూ ఆడకుండా ఎనిమిది గెలిచిన ఆటగాడు ఆయనొక్కడే.

పార్లమెంటు మాటా నిజమే. 1962లో యార్క్ వెస్ట్ నుంచి లిబరల్ పార్టీ తరఫున గెలిచి, 1963లో మళ్లీ నెగ్గి, 1965 దాకా సభ్యుడిగా ఉన్నాడు. సభ ఒట్టావాలో, జట్టు టొరంటోలో. ఆట మానేసిన 1967లోనే కొత్తగా పుట్టిన లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కు తొలి కోచ్ అయ్యాడు. 2019లో కన్నుమూశాడు.

ఆల్‌రౌండర్ పోలిక మాత్రం పూర్తిగా అతకదు. క్రికెట్‌లో బ్యాటింగూ బౌలింగూ ఒకే మ్యాచ్‌లో వేర్వేరు వేళల్లో చేస్తారు. ఇక్కడ చోటు మారితే చూపు మారాలి, కాళ్ల పని మారాలి, ఊపిరి లెక్క కూడా మారాలి. ముప్పై దాటాక అలా మారి, అగ్రస్థాయిలో నిలిచినవాళ్లు చాలా కొద్దిమంది. మా దృష్టిలో కెల్లీ గొప్పతనం ఆ ఎనిమిది కప్పులకన్నా ఈ మార్పులోనే ఎక్కువ.

ప్రశ్న: డిఫెన్స్ నుంచి ఫార్వర్డ్‌కో, ఫార్వర్డ్ నుంచి డిఫెన్స్‌కో మారితే నిజంగా ఏం మారుతుంది? స్కేటింగ్ వస్తే ఎక్కడైనా ఆడొచ్చు కదా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: స్కేటింగ్ వస్తే చాలదు. ఏ దిశలో వస్తుందన్నది అసలు ప్రశ్న.

ముందు లెక్క చూడండి. ఎన్.హెచ్.ఎల్. రింక్ (మంచు మైదానం) 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. మంచు మీద ఒక్కో జట్టు నుంచి ఆరుగురు: గోలీ (గోల్ కీపర్), ఇద్దరు డిఫెన్స్, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఆ ముగ్గురిలో మధ్యవాడు సెంటర్, అటూ ఇటూ వింగర్లు. మ్యాచ్ రోజు దుస్తులు వేసుకునేది 20 మంది: 12 మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్, ఇద్దరు గోలీలు. ఆట మధ్యలో ఫార్వర్డ్‌కో డిఫెన్స్ ఆటగాడికో దెబ్బ తగిలితే గ్యాలరీలో కూర్చున్నవాణ్ణి దించడానికి వీల్లేదు. ఆరుగురిలో ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్లు పడిపోతే మిగిలిన నలుగురి కాళ్లు చివరిదైన మూడో పీరియడ్‌కు చచ్చుబడతాయి. అందుకే రెండు చోట్లా ఆడగలిగే ఒక్కడు జట్టులో ఉంటే కోచ్‌కు గుండె నిబ్బరం. కొన్ని జట్లు ఏకంగా 11 మంది ఫార్వర్డ్‌లు, ఏడుగురు డిఫెన్స్‌తో దిగేది అలాంటివాణ్ణి నమ్ముకునే.

ఇక ఫార్వర్డ్ డిఫెన్స్‌కు మారితే మొదట దెబ్బతినేది వెనక్కి స్కేటింగ్‌లో. పక్‌తో (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దూసుకొచ్చేవాడికి ఎదురుగా ముఖం పెట్టి, వెనక్కి అదే వేగంతో జారుతూ, ఇద్దరి మధ్య ఒకటి రెండు స్టిక్‌ల దూరం ఉంచాలి. దూరం ఎక్కువైతే వాడు తీరిగ్గా షాట్ కొడతాడు. మరీ తగ్గితే పక్క నుంచి జారుకుంటాడు. చూపు ఛాతీ మీద ఉండాలి. కొత్తవాళ్లు పక్ మీద పెడతారు, అక్కడే మోసపోతారు. పక్ అటూ ఇటూ కదిలి మాయ చేస్తుంది గానీ, మొండెం ఎటు తిరిగితే మనిషి అటే వెళతాడు. రెండో తప్పు, వాడు ఒక పక్కకు తిరగ్గానే కాళ్లను అడ్డంగా ఒకదానిపై ఒకటి వేయడం. ఆ క్షణంలో దిశ మార్చుకోలేరు. మోకాళ్లు వంచి, ముందు తుంటి తిప్పి, వెనక కాలి లోపలి అంచు మీద బరువు వేసి ముందుకు తిరగాలి. ఈ తిరుగుడు రెండు వైపులా సమానంగా రావాలి. దాదాపు అందరికీ ఒక వైపు బలహీనంగానే ఉంటుంది, అనుభవమున్న ప్రత్యర్థి ఆ వైపే వస్తాడు.

డిఫెన్స్ నుంచి సెంటర్‌కు మారేవాడి తిప్పలు వేరు. సెంటర్ రెండు గోల్స్ మధ్యా పరుగెత్తాలి. దాడిలో ముందుండాలి, ప్రత్యర్థి ఎదురుదాడికి దిగితే తన గోల్ ముందు దాకా వచ్చి డిఫెన్స్‌కు తోడు నిలవాలి. దీనికి తోడు ఫేస్ ఆఫ్‌లు. రెఫరీ పక్ వదిలిన వెంటనే దాన్ని తన వైపు లాగే పోటీ అది. కిందిచేతి పట్టు ఇంకా కిందకు జార్చాలా, స్టిక్ బ్లేడ్ తిరగేసి లాగాలా అన్నది ఎదుటివాడి పట్టు చూసి రెప్పపాటులో తేల్చుకోవాలి. కెల్లీకి ఇక్కడ కలిసొచ్చింది ఆయన పాస్. డిఫెన్స్‌లో ఉండగా ఆట మొత్తాన్ని ఎదురుగా చూసే అలవాటుంది. సెంటర్ అయ్యాక ఆ అలవాటే వింగర్లకు బంగారు పాస్‌లు ఇచ్చింది.

సామానులో కూడా తేడాలుంటాయి. స్టిక్ పొడవు మామూలుగా ఉత్తకాళ్ల మీద నిలబడితే ముక్కు దాకా, స్కేట్స్ వేసుకుంటే గడ్డం దాకా. డిఫెన్స్‌వాళ్లు చాచి అడ్డుకోవడానికి ఇంకాస్త పొడవు ఉంచుకుంటారు. స్టిక్ వంగుడుకు ఫ్లెక్స్ అనే అంకె ఉంటుంది. శరీర బరువును పౌన్లలో లెక్కేసి సగం తీసుకుంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది: 70 కిలోలంటే 154 పౌన్లు, కాబట్టి 75 ఫ్లెక్స్. పొడవు తగ్గించడానికి పై నుంచి కోస్తే స్టిక్ గట్టిపడుతుంది. కోసేముందే ఆ లెక్క చూసుకోవాలి. చాలామంది చూసుకోరు. తర్వాత షాట్ లేవడం లేదని చేతుల్ని నిందిస్తారు.

ఈ కాలంలో ఇలా మారినవాళ్లను చూడాలంటే ఇద్దరి ఆట చూడండి. సెర్గీ ఫెడరోవ్ 1994లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడు, ఫార్వర్డ్. 1996-97లో కోచ్ స్కాటీ బౌమన్ ఆయన్ను కొంతకాలం డిఫెన్స్‌లో ఆడించాడు, డెట్రాయిట్ ఆ ఏడాది కప్ గెలిచింది. బ్రెంట్ బర్న్స్ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) వింగర్‌గా వచ్చి, డిఫెన్స్ అయి, మధ్యలో శాన్ హోసేలో మళ్లీ ఫార్వర్డ్ అయి, తిరిగి డిఫెన్స్‌కొచ్చి 2017లో నోరిస్ ట్రోఫీ పట్టాడు.

ప్రశ్న: ఒంటి మీద దెబ్బలు పడే ఈ ఆటను నలభై దాటాక కూడా ఎలా ఆడతారు?
– బ్యాంకు ఉద్యోగిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మొదటి కారణం ఆట నిర్మాణమే. 20 నిమిషాల పీరియడ్లు మూడు ఉన్నా, ఎవరూ ఆపకుండా ఆడరు. మంచు మీదకు దిగే ఒక్కో విడత, అంటే షిఫ్ట్, 45 సెకన్ల చుట్టూ ఉంటుంది. ఆ తర్వాత బెంచీ మీదకు వచ్చి ఊపిరి తీసుకోవాలి. వయసు మీద పడినవాడు షిఫ్ట్‌ను 35 సెకన్లకు కుదించి, అనవసరపు పరుగు మానేసి, పక్ ఎక్కడికి వస్తుందో ముందే అక్కడికి చేరతాడు. కండరాల వేగం తగ్గితే ఆ లోటును ఆటను చదివే శక్తితో పూడ్చుకోవాలి. షిఫ్ట్ పొడిగించి మొండికేసేవాళ్లకే గజ్జల కండరాలు పట్టేస్తాయి, తుంటి కీలు అరుగుతుంది. స్కేటింగ్‌లో ప్రతి అడుగూ కాలిని పక్కకు నెట్టేది కాబట్టి భారమంతా అక్కడే పడుతుంది.

గోర్డీ హోవ్‌ను తీసుకోండి. మణికట్టు కీళ్లవాతంతో 1971లో ఆట వదిలి, 1973లో కొడుకులు మార్క్, మార్టీలతో కలిసి హ్యూస్టన్ ఏరోస్‌కు ఆడటానికి తిరిగొచ్చాడు. 1979-80లో హార్ట్‌ఫర్డ్ తరఫున 80 మ్యాచ్‌లూ ఆడి 15 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ చివర్లో ఆయనకు 52 నిండాయి. ఎన్.హెచ్.ఎల్.లో 1,767 మ్యాచ్‌ల ఆయన రికార్డును ప్యాట్రిక్ మార్లో 2021లో గానీ దాటలేదు. డిఫెన్స్‌లో క్రిస్ చెలియోస్ 48 ఏళ్ల దాకా, 26 సీజన్లు నిలిచాడు. చెక్ ఆటగాడు యారోమిర్ యాగర్ అయితే ఎన్.హెచ్.ఎల్. వదిలాక సొంత ఊరి జట్టు క్లాడ్నోకు యాభై దాటాక కూడా ఆడాడు. అప్పుడు ఆ జట్టుకు యజమానీ ఆయనే. గోర్డీ రెండో కొడుకు మార్క్ హోవ్ కథ కూడా మన మొదటి ప్రశ్నకు చుట్టమే. ఎడమ వింగర్‌గా మొదలై, డిఫెన్స్‌కు మారి అక్కడే ఎక్కువ పేరు తెచ్చుకున్నాడు.

ప్రశ్న: పక్‌ను ఫ్రిజ్‌లో పెడతారని విన్నాం. ఎందుకు?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఎగరకుండా ఉండటానికమ్మా. పక్ గట్టి రబ్బరు బిళ్ల: మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. వెచ్చగా ఉంటే రబ్బరు బంతిలా గెంతుతుంది. గడ్డకట్టిస్తే మంచును అంటిపెట్టుకుని జారుతుంది. అందుకే మ్యాచ్ మధ్యలో కూడా కొత్త పక్‌లు మారుస్తుంటారు.

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. మూడేళ్లుగా ఇన్‌లైన్ స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు. ఐస్ హాకీ ఆడతానంటున్నాడు. బెజవాడ ఎండల్లో మంచు ఎక్కడ తేవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ స్థానంలో ఆడించాలి?
– ఒక తల్లి, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మంచు లేకపోయినా సగం పని ఇక్కడే అయిపోతుందమ్మా. చక్రాల మీద ఇన్‌లైన్ హాకీ ఆడిస్తే స్టిక్ పట్టు, పాస్, తల ఎత్తి ఆడటం వస్తాయి. రోజూ పది నిమిషాలు వెనక్కి స్కేటింగ్ తప్పనిసరి చేయండి.

ఒక్క విషయంలో చక్రాల అలవాటు అడ్డొస్తుంది. అది ఆగడం. ఇన్‌లైన్‌లో పిల్లలు వెనక కాలు ఈడుస్తూ ఆగుతారు. మంచు మీద రెండు బ్లేడ్లనూ అడ్డంగా తిప్పి, మోకాళ్లు వంచి, మంచు చెక్కుతూ ఆగాలి. బ్లేడ్ అడుగున గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు ఉంటాయి. ఆ అంచుల మీద నమ్మకం కుదరని పిల్లవాడు నిటారుగా నిలబడి తిప్పుతాడు, బ్లేడ్ కరుచుకుని ముందుకు బోర్లా పడతాడు. మొదటి వారమంతా దీనికే కేటాయించమని కోచ్‌ను అడగండి. గాడి వంపుకు అర అంగుళం వ్యాసార్ధపు సాన సరిపోతుంది. దానికన్నా లోతైన సాన ఎక్కువ పట్టేస్తుంది, ఆగడం ఇంకా కష్టం.

స్కేట్స్ బూట్ల సైజుకన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ తీసుకోవాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు తగలాలి, మోకాలు వంచితే మడమ వెనక్కి బిగుసుకోవాలి. పెరిగే పిల్లాడని రెండు సైజులు పెద్దవి కొంటే చీలమండ లోపల ఊగి, అంచు మీద నిలవలేడు. మన కృష్ణా తీరం ఉక్కకు బ్లేడ్ రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. వాడగానే తుడిచి, నూనె చుక్క రాసి, గుడ్డ కవర్‌లో ఉంచండి. నడిచేటప్పుడు వేసే ప్లాస్టిక్ తొడుగులో నిల్వ చేస్తే తడి లోపలే ఉండిపోతుంది. పంజరం ఉన్న హెల్మెట్, పళ్ల గార్డు, మెడ పట్టీ మీద పొదుపు చూడకండి. బ్లేడ్ మెడకు తగిలితే ప్రాణాపాయం.

సహజ మంచు కోసం లద్దాఖ్ వెళ్లాలి. లేహ్‌లో డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా చెరువులు గడ్డకడతాయి, అక్కడే శిక్షణా శిబిరాలు జరుగుతుంటాయి. డెహ్రాడూన్‌లో కృత్రిమ రింక్ ఉంది. మన దేశం అంతర్జాతీయ సమాఖ్యలో 1989లోనే చేరింది. ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలతోనే ఉన్న మన మహిళల జట్టు 2025లో ఆసియా కప్ కాంస్యం తెచ్చింది.

స్థానం గురించి తొందరపడకండి. 14 ఏళ్లు వచ్చేదాకా ఒక నెల డిఫెన్స్, ఒక నెల వింగర్, ఒక నెల సెంటర్ ఆడించమని అడగండి. ఒకే చోట కట్టేస్తే వెనక్కి స్కేటింగ్ అయినా రాదు, ఫేస్ ఆఫ్ అయినా రాదు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగాక రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి ఇచ్చి, నీళ్లు ఎక్కువ తాగించి, మూడో రోజునే స్కేట్స్ కట్టించండి. తలనొప్పి, వాంతులు ఉంటే ఆ రోజు కూడా రింక్‌కు తీసుకెళ్లొద్దు.