చెలక దగ్గర బోర్డు పెట్టే ముందు: అల్లుడికి ఒక లేఖ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దాటాక ఉన్న మీ నాలుగెకరాల చెలకలోకి ఎవరెవరో వచ్చిపోతున్నారనీ, రాత్రిపూట బండ్లు నిలిపి తాగి సీసాలు పగలగొడుతున్నారనీ, గెట్టు పక్కన ఎవరో మొరం కూడా తవ్వుకుపోయారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందుకని నీవు హైదరాబాదులోనే నాలుగైదు ఫ్లెక్సీలు కొట్టించి, వచ్చే ఆదివారం కట్టిపోతానన్నావట. బోర్డు పెట్టాలన్న ఆలోచన మంచిదే కానీ, ఫ్లెక్సీలు ఇంకా కొట్టించకపోతే ఆపు. వాటికంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది.

అది కొలత. మీ నాన్న పోయిన తరువాత ఆ భూమికి గొలుసు పట్టినవారు లేరు. పాత హద్దురాళ్లలో ఒకటి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది, ఇంకొకటి సర్కారు తుమ్మ పొదలో ఎక్కడో ఉంది. ఈ స్థితిలో నీవు అంచనాతో బోర్డు పాతితే అది పక్క పట్టాదారు భూమిలో పడవచ్చు, అప్పుడు బయటివారిని ఆపడానికి పెట్టిన బోర్డే గెట్టు పంచాయితీకి మొదలవుతుంది. మీసేవలో దరఖాస్తు పెట్టి మండల సర్వేయరు చేత కొలిపించు. కొలత నాడు చుట్టుపక్కల పట్టాదారులందరూ అక్కడ ఉండాలి. అప్పుడే గ్రామ నక్ష, అంటే ఊరి సర్వే పటం, కూడా తెప్పించి చూడు. నక్షలో బండ్లబాట మీ సర్వే నంబరులోంచి పోతున్నట్టు ఉంటే దాన్ని మూయడానికి నీకు హక్కు లేదు. నక్షలో లేకపోయినా 20 ఏళ్లుగా ఎవరి అభ్యంతరమూ లేకుండా, తమ హక్కుగా పక్క రైతులు నడుస్తున్న బాట అయితే, దానిమీద వారు కోర్టులో దారి హక్కు అడగగలరు. అందుచేత వెనుక పొలాల వారు ట్రాక్టర్లు తీసుకుపోయే ఆ తూర్పు బాట మొదట్లో మాత్రం బోర్డు పెట్టకు.

ఇక రాత విషయం. మన వైపు చాలా బోర్డుల మీద ‘అతిక్రమించిన వారు శిక్షార్హులు’ అని ఎర్రగా రాసి ఉంటుంది, కానీ చట్టం అంత దూరం పోదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షను ఈ విషయం చెబుతుంది; పాత శిక్షాస్మృతిలో ఇది 441, 447 సెక్షన్ల కింద ఉండేది. నేరం చేయాలనో, భూమి అనుభవంలో ఉన్న వారిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశంతో లోపలికి వచ్చినా, లేదా సక్రమంగానే వచ్చి అదే ఉద్దేశంతో అక్రమంగా అక్కడే నిలిచిపోయినా అది నేరం. శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్తగా అడ్డంపడి నడిచిపోయిన మనిషిని ఈ సెక్షను కింద పట్టుకోవడం కష్టం. బోర్డు వల్ల ఒరిగేది ఏమిటంటే, లోపలికి వచ్చిన వాడు ‘ఇది ఎవరి భూమో నాకు తెలియదు’ అని ఠాణాలో గానీ పెద్దమనుషుల ముందు గానీ అనలేడు. కాబట్టి బెదిరింపు రాయించకుండా సమాచారం రాయించు: ‘ఇది ప్రైవేటు పట్టా భూమి. అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని పెద్ద అక్షరాలు, కింద గ్రామం, సర్వే నంబరు, ఒక ఫోన్ నంబరు. రోడ్డు వైపు బోర్డు మీద ‘ఈ భూమి అమ్మకానికి లేదు’ అన్న మాట కూడా చేర్చు, ఎందుకంటే యజమాని ఊళ్లో లేని భూమిని చూపించి బయానా తీసుకునే దళారులు వరంగల్ చుట్టూ తక్కువేమీ కాదు. పాసుపుస్తకం నంబరు మాత్రం బోర్డు మీదికి ఎక్కించకు. అడవి పందులకు భయపడి కొందరు ‘కరెంటు తీగలు ఉన్నవి, ముట్టిన చావు’ అని రాయిస్తారు. తీగ లేకుండా అలా రాస్తే అబద్ధం, ఉండి రాస్తే నేరాన్ని నీ చేతితో నీవే ఒప్పుకున్నట్టు.

ఫ్లెక్సీ ఎందుకు వద్దన్నానంటే, మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు అది పెళుసెక్కుతుంది, ఒక్క గాలిదుమారానికి పీలికలవుతుంది, మిగిలిన ముక్కను ఎవరైనా గడ్డివాము మీద కప్పుకుంటారు. రేడియం స్టిక్కరు అతికించిన రేకు దానికంటే నయమే కానీ, చవక స్టిక్కరు రెండు ఎండాకాలాలకు అంచులు లేచి ముడుచుకుపోతుంది. అన్నిటికంటే ముందు వెలిసిపోయేది ఎరుపు రంగు, అందుకే తెల్లని లేదా పసుపు నేల మీద నల్లని అక్షరాలు రాయించు. నా మాట వింటే రోడ్డు వైపు ముఖ్యమైన చోట చెక్కిన గ్రానైటు పలక పెట్టించు. కరీంనగర్ వైపు పాలిష్ యూనిట్లలో ముక్కలు దొరుకుతాయి, శిలాఫలకాలు చెక్కేవారు ఆ నాలుగు వరుసలూ చెక్కి రంగు నింపి ఇస్తారు. కొన్నేళ్లకు రంగు పోయినా చెక్కిన గీత పోదు, పైగా పాత ఇనుప సామాను కొనేవాడికి రాయితో పని లేదు. మిగిలిన రెండు చోట్ల 18 గేజీ జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకు, చాలు. దాని నాలుగు అంచులనూ అంగుళం మేర వెనక్కి మడిపించు, అప్పుడు గాలికి వంగదు. రంధ్రాలు రంగు వేయకముందే వేయించాలి, తరువాత వేస్తే ఆ రంధ్రం దగ్గరే తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం రేకు తుప్పు పట్టదు నిజమే, కానీ మన దగ్గర నెల తిరగకముందే దాన్ని ఎవరో ఎత్తుకుపోతారు.

స్తంభం పాతే పని మీద నీవు దగ్గర ఉండాలి, కూలీలకు వదిలేస్తే అడుగు లోతు తవ్వి రెండు రాళ్లు కొట్టి ముగిస్తారు. రోడ్డు వైపు ఎర్ర చెలకలో రెండున్నర అడుగుల గుంత సరిపోతుంది. వెనుక వైపు నల్లరేగడిలో మూడు అడుగులకు తగ్గకూడదు. రేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చినప్పుడల్లా స్తంభాన్ని ఒక పక్కకు నెడుతుంది, ఆ ఒత్తిడి తగ్గించడానికి గుంత అడుగున జానెడు మందం మొరం పోసి దిమ్మిస కొట్టించాలి. స్తంభం ఇనుప యాంగ్లర్ (ఎల్ ఆకారపు కడ్డీ) అయితే అడుగు భాగంలో అడ్డంగా ఒక కడ్డీ ముక్క వెల్డింగ్ చేయించు, పట్టుకొని ఊపినా తిరగదు, పీకినా రాదు. కాంక్రీటును నేలకు సమంగా ఆపకుండా నాలుగు అంగుళాలు పైకి తెచ్చి, నీళ్లు జారిపోయేలా తాపీతో చుట్టూ వాలు తీయించు. ఇనుము కుళ్లేది ఎప్పుడూ మట్టిని తాకే ఆ చోటే. బోల్టులు బిగించాక కొసల మీద వెల్డింగ్ చుక్క పెట్టించు. రాతి కడీ (రాతి స్తంభం) దొరికితే ఈ జాగ్రత్తల్లో సగం అక్కరలేదు.

బోర్డు అడుగు అంచు నేలకు ఐదడుగులకు పైన ఉండాలి, లేకపోతే పత్తి ఎదిగాక కనపడదు. ముప్పై అడుగుల నుంచి సులువుగా చదవాలంటే అక్షరం మూడు అంగుళాలు ఉండాలి. రహదారి హద్దులో గానీ కరెంటు స్తంభానికి గానీ వేపచెట్టుకు గానీ కొట్టకు. ట్రాక్టరూ వరికోత మిషనూ మలుపు తిరిగే మూల కూడా వదిలెయ్యి.

మోటబావి సంగతి వేరు. ఒరలు కూలిన ఆ బావి దగ్గర ‘లోతైన బావి, దగ్గరికి రావద్దు’ అన్న బోర్డుతో పాటు ముళ్లకంచె తప్పక వేయించు, ఎండిన బోరుకు మూత బిగించు. ఎవరి పిల్లవాడైనా అందులో పడితే అనుమతి లేకుండా వచ్చాడన్న మాట నిన్ను కాపాడదు.

ఊరివారికి మాత్రం బోర్డుతో కాక నోటితో చెప్పాలి. కోత అయ్యాక గొర్ల మందలు దిగడం, బతుకమ్మ పండుగకు ఆడపిల్లలు గునుగు, తంగేడు కోసుకుపోవడం, గీత కార్మికులు ఆ తాటిచెట్ల దగ్గరికి రావడం మీ తాత కాలం నుంచీ ఉన్నవే, వాటిని ఆపాలని చూడకు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయేవారు రోడ్డు పక్క చేలలో పొయ్యి పెట్టుకుంటారు. ఆ నాలుగు రోజులు ఎవరి బోర్డూ పనిచేయదు, మొక్కజొన్న చొప్ప ముందే దూరం జరిపించుకుంటే చాలు.

బోర్డులు పెట్టిన రోజు, వెనుక రోడ్డూ హద్దురాయీ కూడా కనబడేలా, తేదీతో ఫొటోలు తీసి ఉంచు. ఏటా వానాకాలానికి ముందు ఒకసారి వచ్చి బోర్డుల మీద పాకిన తీగలు కోసి, రంగు లేచిన చోట రెడ్ ఆక్సైడ్ పూసిపో. సర్వే తేదీ ఖరారు కాగానే నాకు ఫోన్ చెయ్యి. పక్క పట్టాదారులతో నేను మాట్లాడి పెడతాను, రాళ్లు పాతిన తరువాత రాత ఎలా ఉండాలో ఇద్దరం కూర్చొని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య
హనుమకొండ