అన్, ఇన్, నాన్ చూసి హడలిపోకండి

అమెరికా వచ్చిన మొదటి చలికాలం, దగ్గు ఎంతకీ తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫోన్ చేయకముందే రిపోర్టు యాప్‌లోకి వచ్చేసింది. గుండె దగ్గర 'అన్‌రిమార్కబుల్' అని ఉంది. రిమార్కబుల్ అంటే గొప్పది కదా, ముందు అన్ తగిలించారంటే నా గుండె ఏదో నాసిరకం సరుకని ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. తెల్లారి నర్సును అడిగితే నవ్వింది. వేలెత్తి చూపేందుకు ఏమీ లేదని, అంతా మామూలుగానే ఉందని దానర్థమట! మీకూ ఆ మాట కనిపిస్తే హాయిగా పడుకోండి.

నిజానికి ఈ తిరకాసు మనకు తెలియనిది కాదు. అమూల్యం అంటే విలువ లేనిదనా? వెల కట్టలేనిదని. ఇన్‌వాల్యుబుల్ కూడా అచ్చం అదే, కాబట్టి మేనేజరు మీ సాయం ఇన్‌వాల్యుబుల్ అని మెయిల్ పెడితే నొచ్చుకోవద్దు. ఇన్‌ఫ్లేమబుల్ మాత్రం ప్రమాదకరమైన మాట. అందులో ఉన్న ఇన్ 'కాదు' అనే ఇన్ కానే కాదు, లాటిన్ నుంచి వచ్చిన వేరే ఇన్. డబ్బా మీద అది ఉంటే లోపలిది అంటుకుంటుందన్నమాట, పొయ్యి దగ్గర పెట్టకండి. మండనిదైతే నాన్‌ఫ్లేమబుల్ అని రాస్తారు.

ఇక డబ్బు సంగతి. కారు ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 'అన్‌ఇన్షూర్డ్ మోటరిస్ట్' అని ఒక కవరేజి అడుగుతారు. నేను ఇన్సూరెన్స్ కడుతున్నాగా, ఇది నాకెందుకని మా రూమ్మేటు వద్దనేశాడు. అక్కడ ఇన్సూరెన్స్ లేనిది మనకి కాదు, మనల్ని గుద్దినవాడికి! అలాగే అన్‌సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు అంటే భద్రత లేని కార్డని భయపడేవాళ్లున్నారు. ముందుగా డిపాజిట్ కట్టక్కర్లేని కార్డు, అంతే. కొత్తలో క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి చాలామందికి డిపాజిట్ కట్టే సెక్యూర్డ్ కార్డుతోనే మొదలవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తాపడేది 'నాన్‌రెసిడెంట్ ఏలియన్' దగ్గర, అంటే పన్ను లెక్కల్లో ఇక్కడి నివాసి కాని విదేశీయుడన్నమాట. ఇక్కడే ఉంటున్నాం, అద్దె కడుతున్నాం, మరి రెసిడెంటే కదా అని స్టూడెంట్లు సీనియర్లను చూసి ఇక్కడి నివాసులు వేసే మామూలు 1040 పన్ను ఫారం నింపేస్తారు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంటే, వాళ్ల ఫారం 1040-ఎన్‌ఆర్. డిసెంబర్లో దిగినా ఆ ఏడాది లెక్కలోకి వచ్చేస్తుంది. నాన్‌రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) ఇవ్వరు గానీ, భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు అది దొరుకుతుంది. వదులుకోకండి. ఒక్క డాలరు సంపాదించని ఏడాది కూడా 8843 ఫారం (ఇక్కడ గడిపిన రోజులు నివాసం లెక్కలోకి రావని చెప్పే కాగితం) మాత్రం పంపాలి. రెండో ఏడాదిదాకా దాని పేరే వినలేదు నేను.