గునుపూరు అమ్మాయికి, పర్లాకిమిడి నుంచి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన కథ అందాయి. కొట్లో మిగిలిపోయిన పాత బిల్లు పుస్తకాల వెనకవైపు రాసి, "కాగితం బాగాలేదు, క్షమించండి మాస్టారూ" అని చివర ఒక మాట చేర్చావు. కాగితానికి క్షమాపణలేమిటి? ఇకమీదట ఎవరికీ చెప్పకు. నీ కథలో సంత రోజున కొండ దిగి చింతపండు తెచ్చిన సవర తెగ ఆడమనిషి కాటా ముల్లును చూడదు. షావుకారి చిటికెన వేలినే చూస్తూ నిలబడుతుంది. ఆ వేలు తట్టకు ఎప్పుడు ఆనుతుందో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఆయనకూ తెలుసు. ఇద్దరూ పైకి ఒక్క మాట అనరు. అక్కడికి వచ్చేసరికి కళ్లజోడు తీసి పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను.

ఉత్తరంలో మాత్రం వేరే మనిషి కనబడింది. సొంత గది లేదు, కంప్యూటర్ లేదు, ఉన్న ఒక్క ఫోను తమ్ముడి చేతిలో ఉంటుంది, ఊళ్లో తెలుగు పుస్తకాలు దొరకవు, చదువంతా ఒడియాలో సాగింది కనుక తెలుగు రాత తప్పులతడక, పత్రికల్లో తెలిసినవాళ్లు లేరు. ఇవన్నీ సమకూరాక నవల మొదలుపెడతానన్నావు. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. లేమి రచయితను రాటుదేలుస్తుందని నీకు కబుర్లు చెప్పను. అది కడుపు నిండినవాళ్లు కనిపెట్టిన మాట. లేమి ముందు మనిషిని అలసిపోయేలా చేస్తుంది, రాత సంగతి తర్వాత. అయితే నువ్వు అన్నిటినీ ఒకే గాటన కట్టేశావు. గది, కంప్యూటర్, పరిచయాలు లేకపోయినా పని నడుస్తుంది. చదవడం, తిరగరాయడం లేకపోతే నడవదు. సర్దుకోవడమంతా మొదటి మూడింటి దగ్గర చెయ్యి. చివరి రెండింటి దగ్గర పైసా తగ్గకు.

ముందు ఆ నవలను పక్కన పెట్టు. నవలకు ఎడతెగని పూటలు కావాలి. నీకు దొరికేది కొట్టు కట్టేశాక, వంట అయ్యాక మిగిలిన కాస్త రాత్రి. కథ అయితే తలలో పెట్టుకుని తిరగవచ్చు. బెల్లం తూస్తూ, పద్దు రాస్తూ ఒకే వాక్యాన్ని పదిరకాలుగా మార్చి చూసుకోవచ్చు. రాత్రి అరగంట కూర్చున్నా, రాయవలసింది పగలే తయారై ఉంటుంది. చేతిలో ఉన్న సమయానికి తగిన ప్రక్రియను ఎంచుకోవడం చిన్నతనమేమీ కాదు.

ఆ బిల్లు కాగితాలను వదులుకోకు. ఒక్కో కాగితం మీద ఒక్కో సంఘటనే పడుతుంది కనుక, వాటిని నేల మీద వరుసగా పరిచి ముందువెనకలు మార్చి చూడవచ్చు. నీ కథను నేను అలాగే పరిచి చూశాను. రెండో కాగితం ఐదో దాని తర్వాతకు వెళితే కథ బాగుపడుతుంది. నువ్వూ చేసి చూడు, ఒప్పుకోకపోతే నాతో పోట్లాడు. ఇక చివర ఆ సవర మనిషి చేత పేజీ పొడుగునా ఉపన్యాసం చెప్పించావు. దాన్ని కొట్టెయ్. ఆ చిటికెన వేలిని చూసిన పాఠకుడికి దోపిడీ గురించి మళ్లీ చెప్పనక్కరలేదు.

ఫోను దొరికిన రాత్రి సాపు ప్రతి తయారుచేసుకో. మాట్లాడుతుంటే తెలుగు అక్షరాలు పడే సదుపాయం ఉందిగా, కథనం వరకు దాన్ని వాడు. సంభాషణలు మాత్రం వేలితోనే కొట్టు. మన వైపు మాట విన్నప్పుడు ఆ యంత్రం తనకు తెలిసిన మాట ఏదో పెట్టేస్తుంది, నువ్వు గమనించేలోగా మీ మామ్మ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడేస్తుంది. రాసింది ఏ రోజుకారోజు నీ మెయిలుకే పంపుకుని ఉంచు. తమ్ముడి ఫోనులో ఆటలకు చోటు చాలనప్పుడు ముందు ఎగిరిపోయేది నీ కథే.

లేమి గురించి అడిగావు కనుక మా ఊరి మనిషి సంగతి చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులుగారిని ఏటా ఆగస్టు 29న అందరూ తలుచుకుంటారు, దండ వేసి ఇంటికి వెళతారు. 1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి చేరారు. అప్పటికి పదిహేడేళ్లు నిండీ నిండని వయసు. బి.ఏ. కూడా ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగానే చదివారు. సవర భాష నేర్చుకోవాలనిపించింది. దానికి లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్పే పంతులు లేడు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతను పలికింది వింటూ రాసుకుంటూ పోయారు. ఉన్న సరంజామా అంతా చెవీ, కాగితమూ. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి క్వినైన్ వాడితే చెవుడు వచ్చింది. వినికిడితో కట్టుకున్న పనిని వినికిడి తగ్గాక కూడా సాగించారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు బడికి పెట్టమన్నారు. ఆయన సవర వ్యాకరణం, నిఘంటువు ప్రభుత్వం తరఫున అచ్చయ్యేసరికి 1930లు వచ్చాయి.

సభల్లో ఆయన త్యాగం గురించే మాట్లాడతారు. నా కళ్లకు ఆయన ఖర్చు తెలివి ముందు కనబడుతుంది. బడిపంతులు ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని పోషించడం తేలికా? ఆ ఖర్చు లేకపోతే పనే లేదు, కనుక పెట్టారు. మిగతావి ఉన్నవాటితో గడుపుకున్నారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటానికి బలం కూడా ఈ వినడంలోనే ఉందని నా నమ్మకం. మనుషులు పలికేదే భాష అని కొండల్లో విని తెలుసుకున్నవాడు, గ్రాంథికం పండితులకు తలవంచుతాడా?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. మన తాతలు వెళ్లలేదు. అందులో మంచి ఎంతో చెడు ఎంతో నేను తేల్చలేను. వాళ్లు ఉండిపోయినందువల్ల నీకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర ఊరికే చెవిన పడ్డాయి. విజయవాడలో గది, కంప్యూటర్ ఉన్న రచయిత ఎంత డబ్బు పెట్టినా వాటిని కొనుక్కోలేడు.

నీ రాతలోని తప్పుల గురించి అంత సిగ్గుపడకు. వాటికో లెక్క ఉంది. ఒడియా లిపిలో ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు లేవు, ఒ, ఓలకూ అంతే. అందుకే "వేలు" నీ చేతిలో "వెలు" అయింది, "కోపం" "కొపం" అయింది. కథ ముగిశాక ఒకసారి ఎ, ఏల కోసం మాత్రమే, ఇంకోసారి ఒ, ఓల కోసం మాత్రమే పైకి చదువుతూ దిద్దుకో. సగం తప్పులు అక్కడే పోతాయి. మిగతా వాటికి ఆంధ్రభారతి నిఘంటువు ఉంది, ఫోనులో తెరుచుకుంటుంది, డబ్బు అడగదు. పైకి చదవడం ఎలాగూ తప్పదు కనుక మీ మామ్మకు వినిపించు. ఆమెకు చదువు రాకపోవడం నీ అదృష్టం, మొహమాటానికి మెచ్చుకోదు. ఎక్కడ ఆవలిస్తే అక్కడ పెన్సిలు గీత పెట్టు.

ఇక చదవడం. తెలుగు పుస్తకాలు దొరకవన్నది పాతికేళ్ల కిందట నిజం. ఇప్పుడు వికీసోర్స్‌లో తెలుగు పుస్తకాలు దించుకుని, నెట్ లేనప్పుడు చదువుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలల్లో ఉన్నాయి. కథలకైతే శ్రీకాకుళం మనకెంత దూరం? 1997లో కథకుడు కాళీపట్నం రామారావుగారు అక్కడ తెలుగు కథల కోసమే కథానిలయం అనే గ్రంథాలయం పెట్టారు. ఆయన బడిపంతులే. తనకు పురస్కారాలుగా వచ్చిన డబ్బును దానికే పెట్టారు. పాత పత్రికలు, కథల ప్రతులు ఎక్కడెక్కడివో సేకరించి చేర్చారు. వాటిలో చాలా కథలు ఇప్పుడు వారి వెబ్‌సైటులోనూ చదవవచ్చు. ఒక రచయితను పట్టుకుని, దొరికిన కథలన్నీ చదివి మరొకరి దగ్గరకు వెళ్లు. తలా ఒకటి రుచి చూస్తే ఏదీ ఒంటపట్టదు.

పరిచయాల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. కథ బాగుంటే సంపాదకుడికి నువ్వెవరో అక్కరలేదు. కథతో పంపే ఉత్తరంలో నీ కష్టాలు రాయకు. సంకలనంలో వేస్తామని, బిరుదు ఇస్తామని డబ్బు అడిగేవాళ్లు తప్పకుండా తగులుతారు. వాళ్లకు ఇచ్చే డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కో.

దసరా లోపల సాపు ప్రతి పంపు. కాగితం మీదే పంపు, ఫోను తెర మీద నా కళ్లు ఆనవు. ఈ నెలాఖరున శ్రీకాకుళం వెళ్లే పని ఉంది. నీకు నెట్‌లో దొరకని కథల పేర్లు రాస్తే కథానిలయంలో అడిగి నకళ్లు తెస్తాను. తమ్ముణ్ని ఫోను అడగడానికి మొహమాటపడకు. వాడి ఒడియా వ్యాసాలన్నీ నువ్వే రాసిపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు.

ఆశీస్సులతో,
మాస్టారు