గురక మందుతో తగ్గదు, ముందు షెడ్డులో ఘాటు తగ్గాలి

సందేహం: షాద్‌నగర్ ప్రాంతంలో 5,000 బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాను. వయసు 22 రోజులు. చలికి రాత్రంతా పరదాలు మూసి ఉంచుతున్నాం. వారం నుంచి కోళ్లు తుమ్ముతున్నాయి, కళ్ల వెంట నీరు కారుతోంది, రాత్రిళ్లు గురక వినిపిస్తోంది. ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చి, లిట్టర్‌పై (షెడ్డు నేల మీద పరచిన ఊకపై) సున్నం చల్లినా తగ్గలేదు. ఏ మందు వాడాలి?

సలహా: ఈ లక్షణాలను, రాత్రంతా పరదాలు మూసి ఉంచుతున్నారన్న విషయాన్ని కలిపి చూస్తే ముందుగా అనుమానించవలసింది అమ్మోనియా వాయువునే. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని తడి లిట్టర్‌లోని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. కోడి శ్వాసనాళం లోపలి కణాలపై నూగు వంటి సన్నని కేశాలుంటాయి. అవి నిరంతరం కదులుతూ జిగురులో చిక్కిన దుమ్మును, క్రిములను గొంతు వైపు నెట్టివేస్తుంటాయి. షెడ్డులో అమ్మోనియా 25 పి.పి.ఎం. (గాలిలో పది లక్షల వంతులకు 25 వంతులు) దాటి రోజుల తరబడి నిలిచి ఉంటే ఆ కేశాల కదలిక మందగించి, క్రమంగా అవి రాలిపోతాయి. అప్పుడు ఈ.కోలై వంటి క్రిములు అడ్డులేకుండా గాలి సంచుల వరకు చేరతాయి. యాంటీబయాటిక్ క్రిమిని చంపగలదే గాని ఆ కేశాలను కాపాడలేదు.

సున్నం విషయంలో చాలామంది రైతులు పొరబడుతున్నారు. సున్నం క్షారగుణం వల్ల రెట్టలో బంధితమై ఉన్న అమ్మోనియా మరింతగా వాయువై పైకి లేస్తుంది కాబట్టి, కోళ్లు ఉండగా తడి లిట్టర్‌పై చల్లకండి. ఖాళీ షెడ్డు నేలకు వాడుకోవచ్చు.

పరదాలను అడుగున బిగించి, పైభాగంలో రాత్రి కూడా సుమారు అడుగు మేర తెరిచి ఉంచితే చలిగాలి నేరుగా కోళ్లపై పడకుండా ఘాటు బయటకు పోతుంది. కోళ్లు నీరు తాగే నిపిళ్ల కింద గడ్డకట్టిన లిట్టర్‌ను తీసివేసి, పొడి వరి ఊక పరచి, మిగిలినదాన్ని రోజూ తిరగవేయండి. పిడికెడు లిట్టర్‌ను నొక్కి వదిలినప్పుడు ముద్దగా నిలిచిపోతే తేమ ఎక్కువని అర్థం. రోజూ షెడ్డులో తిరిగేవారి ముక్కు ఘాటుకు అలవాటుపడుతుంది కనుక, తెల్లవారుజామున బయటి నుంచి వచ్చిన వెంటనే కోళ్ల ఎత్తులో కూర్చుని చూడండి; కళ్లు మండితే గాలి చాలడం లేదన్నమాట.

శ్వాసనాళం దెబ్బతిన్న దశలో లసోటా (కొక్కెర తెగులు అంటే రాణిఖేత్ వ్యాధి రాకుండా వేసేది) వంటి సజీవ టీకా వేస్తే ప్రతిచర్య తీవ్రమవుతుంది కాబట్టి, వేయవలసి ఉంటే పశువైద్యుని సంప్రదించాకే వేయండి. కొక్కెర తెగులు కూడా తొలిదశలో ఇలాగే కనిపించవచ్చు. మెడ తిరగడం, ఆకుపచ్చ విరేచనాలు, మరణాలు పెరగడం గమనిస్తే ఆలస్యం చేయక, అప్పుడే చనిపోయిన కోడిని వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించండి.