రొయ్యల మేత మందు మీద ఉన్న పేరే మా అమ్మాయి ప్రాజెక్టు: దీంతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: భీమవరం దగ్గర నాలుగెకరాల్లో వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాను. మా అమ్మాయి బి.ఎస్సీ. బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్లోంచి బీటా గ్లూకాన్ తీసే ప్రాజెక్టు చేసింది. ఆ దారిలోనే ఎం.ఎస్సీ. చేస్తానంటోంది. ఆ పేరు నేను మేతలో కలిపే మందు ప్యాకెట్ల మీద చూశాను. మా బావమరిది మాత్రం ఎం.బి.ఎ.లో చేర్పించమంటున్నాడు. దీన్ని నమ్ముకుంటే బతుకుతెరువు ఉంటుందా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కూతురు ల్యాబ్‌లో చేసే పదార్థాన్నే తండ్రి చెరువు గట్టు మీద వాడటం చాలా అరుదండీ. అందుకే మీ ప్యాకెట్ దగ్గరే మొదలుపెడతాను.

బీటా గ్లూకాన్ అంటే ఒకే పదార్థం కాదు, ఒక కుటుంబం పేరు. గ్లూకోజ్‌ని గొలుసుగా కడితే వచ్చే పదార్థాలు చాలా ఉన్నాయి. అన్నంలోని పిండి కూడా గ్లూకోజ్ గొలుసే, పత్తిలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. ముడి ఎలా పడింది, ఎక్కడ పడింది అన్నదే తేడా. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లుంటాయి, వాటికి 1 నుంచి 6 వరకు నంబర్లు వేస్తారు. ఒకదాని 1వ కార్బన్‌కీ పక్కదాని 4వ కార్బన్‌కీ ఆల్ఫా ముడి పడితే పిండి పదార్థం, అది మనకి అరుగుతుంది. అక్కడే బీటా ముడి పడితే సెల్యులోజ్. ఆ గొలుసులు నిటారుగా ఉండి, కట్టెల మోపులా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మనకి అరగవు, నీళ్లలో కరగవు.

ఓట్స్, బార్లీల్లో ఉండే బీటా గ్లూకాన్‌లో ఎక్కువగా మూడు నాలుగు గ్లూకోజ్‌లు సెల్యులోజ్ లాగే నడిచి, ఆ తర్వాత ఒక 1-3 ముడి వస్తుంది. అక్కడ గొలుసు వంగుతుంది. వంకర కట్టెలు మోపుగా సర్దుకోవు కదా, ఆ సందుల్లోకి నీళ్లు చేరతాయి. ఓట్స్ జావ జిగురుగా ఉండేది అందుకే. ఆ జిగురే పేగుల్లో పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపి, కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయపడుతుంది. రోజుకు 3 గ్రాముల లెక్కన ఓట్స్ ప్యాకెట్ల మీద గుండె ఆరోగ్యం మాట రాసుకోవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతించింది. తయారీలో గొలుసులు తెగి పొట్టివైపోతే మాత్రం జిగురు తగ్గుతుంది, దాంతో ఆ గుణమూ తగ్గుతుంది. గ్రాములు అన్నే ఉన్నా పని జరగదన్నమాట.

ఈస్ట్, పుట్టగొడుగుల సంగతి వేరు. వాటిలో అసలు గొలుసే 1-3 ముడులతో ఉంటుంది, దానికి 1-6 ముడితో కొమ్మలు వస్తాయి. షిటాకే పుట్టగొడుగులోని లెంటినాన్‌లో ప్రతి ఐదు గ్లూకోజ్‌లకి రెండు కొమ్మలుంటాయి. మూడేసి గొలుసులు తాడులా పేనుకుంటాయి. జపాన్‌లో 1985లో కడుపు క్యాన్సర్‌కి కీమోథెరపీతో పాటు ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి అనుమతి వచ్చింది దానికే. అది డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్. పుట్టగొడుగుల కూర తింటే క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక మీ రొయ్య. దానికి మనలా యాంటీబాడీలు తయారుచేసుకునే ఏర్పాటు లేదు. ఈస్ట్, బూజుల గోడల్లో ఉండే 1-3 గొలుసుని దాని రక్తంలోని ప్రొటీన్లు శత్రువు ఆనవాలుగా పోల్చుకుని, ఉన్న రక్షణను మేల్కొలుపుతాయి. అందుకే ఈస్ట్ నుంచి తీసిన బీటా గ్లూకాన్‌ని మేతలో కలుపుతారు. అది టీకా కాదు, వైట్‌స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చాక నయం చేసే మందూ కాదు. ప్యాకెట్ మీద ఒట్టి 'బీటా గ్లూకాన్' అని మాత్రమే ఉంటే అది దేని నుంచి తీసిందో, ఏ ముడులున్నదో, ఎంత శాతమో మీకు తెలియదు. మీరు డబ్బు పోసి కొంటున్నారు, అందులో ఏముందో ఎవరో ఒకరు నిజాయితీగా తేల్చి చెప్పాలి.

మీ అమ్మాయి ఉద్యోగం అక్కడే ఉంది. 'బీటా గ్లూకాన్ నిపుణులు కావలెను' అని పేపర్లో ప్రకటన రాదు. రాదు కాబట్టి దారి లేదనుకోకూడదు. పొడిలో ఏ చక్కెర గొలుసు ఉంది, ఎంత ఉంది, ఎంత పొడవుంది అని తేల్చగలిగే మనిషి చాలా చోట్ల కావాలి. మేత కంపెనీలకి, ఆహార పరీక్షా ల్యాబులకి ఇది రోజువారీ పని. బీరు తయారీలో బార్లీ బీటా గ్లూకాన్ ఎక్కువైతే వడపోత నిలిచిపోతుంది, దాన్ని తెంచే ఎంజైములు తయారుచేయడం పెద్ద పరిశ్రమ. మందుల సంగతికొస్తే, కాస్పోఫంగిన్ అనే ఇంజెక్షన్ బూజు తన గోడ కోసం ఈ 1-3 గొలుసు కట్టుకోకుండా ఆపుతుంది. మన కణాలకి అలాంటి గోడే లేదు కాబట్టి దాని దెబ్బ బూజు మీదే పడుతుంది. రోగి రక్తంలో ఇదే గొలుసుని వెతికి లోపలి ఫంగస్‌ని పట్టే పరీక్ష కూడా ఉంది. 2021లో మనల్ని భయపెట్టిన బ్లాక్ ఫంగస్‌ మాత్రం సాధారణంగా ఆ పరీక్షకి చిక్కదు. దాని గోడలో ఈ గొలుసు చాలా తక్కువ మరి. ఏ పరీక్ష ఎక్కడ పనికొస్తుందో తెలిసినవాళ్ల అవసరం అలాంటప్పుడే అర్థమవుతుంది.

అందుకే అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి: "నీ పొడిలో పిండి పదార్థం లేదని ఎలా తెలుసుకున్నావమ్మా?" చాలా డిగ్రీ ప్రాజెక్టుల్లో ఫినాల్, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి రంగు చూసి, వచ్చిన అంకెనంతా బీటా గ్లూకాన్ అని రాసేస్తారు. ఆ పరీక్ష అన్ని చక్కెరల్నీ కలిపి లెక్కేస్తుంది. అయోడిన్ చుక్క వేస్తే పిండి ఉందని చెప్పే నీలం రంగు వచ్చిందా, పిండిని ఎంజైముతో తొలగించి మళ్లీ కొలిచిందా అన్నది ముఖ్యం. ఓట్స్‌కి వాడే లైకెనేజ్ ఎంజైము పద్ధతి పుట్టగొడుగుకి పనికిరాదని తెలిసిందంటే నాకు చాలా సంతోషం. తెలియకపోతే బెంగ అక్కర్లేదు, నేర్చుకునే వయసే. ఇంటర్వ్యూలో అడిగేది మాత్రం ఇదే.

ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ గానీ ఫుడ్ టెక్నాలజీ గానీ మంచిదని నా అభిప్రాయం. మన రాష్ట్ర యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ పీజీ రాయాలి. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎం.ఎస్సీ. ఫుడ్ టెక్నాలజీ ఉంది, దాని నోటిఫికేషన్ విడిగా చూసుకోవాలి. కాలేజీ పేరు కన్నా ముందు అక్కడ హెచ్‌పీఎల్‌సీ (కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచేది) లాంటి యంత్రాన్ని పిల్లల చేత నడిపిస్తారా, గాజు తలుపు వెనక చూపించి పంపేస్తారా అని కనుక్కోండి. నేను ఏ తల్లిదండ్రులకైనా గట్టిగా చెప్పేది ఇదొక్కటే. రొయ్యల మీద ఇష్టం కొద్దీ ఎం.ఎఫ్.ఎస్సీ.కి (మత్స్యశాస్త్రంలో పీజీ) పంపుదామనుకుంటే, దానికి సాధారణంగా అదే శాస్త్రంలో డిగ్రీ అయిన బి.ఎఫ్.ఎస్సీ. చదివి ఉండాలి.

ఎం.ఎస్సీ. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం వస్తాయి. హైదరాబాద్‌లోనే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి, దూరం వెళ్లాలన్న భయం లేదు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకి బయోటెక్నాలజీ డిగ్రీ ఉన్నవాళ్లు కూడా అర్హులే, కానీ నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. దాని కోసం ఖాళీగా కూర్చోబెట్టవద్దు. ప్రైవేటు ల్యాబుల్లో తొలి రెండు మూడేళ్లు జీతం తక్కువే. అది దాచి మీకు ఆశ పెట్టలేను. చేతికి పని వచ్చాక పెరుగుతుంది.

మీ బావమరిది గారు మేలుకోరే చెప్పి ఉంటారు. ఎం.బి.ఎ. చెడ్డదని నేననను. నాలుగేళ్లు ఏదైనా కంపెనీలో పనిచేశాక చేసినా అది ఉపయోగపడుతుంది. ల్యాబ్ చదువు అలా కాదు, ఒకసారి వదిలేస్తే తిరిగి రావడం కష్టం. అమ్మాయికి ఇప్పుడు ఇష్టం ఉంది, చేతిలో ప్రాజెక్టు ఉంది. నేనైతే ఎం.ఎస్సీ.కే పంపుతాను.

ఈసారి షాపు నుంచి మందు తెచ్చినప్పుడు ఆ ప్యాకెట్ అమ్మాయి చేతికివ్వండి. దేని నుంచి తీశారు, శాతం ఎంత, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవి లేబుల్ మీద ఉన్నాయో లేదో చూసి చెప్పమనండి. తను ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి. కాలేజీల ఎంపిక అప్పుడు కలిసి చూద్దాం.